మైనంలో మిగిలిన ముక్క

"గ్యాస్. ఇంకేం కాదు. వేళకి తింటే అదే సర్దుకుంటుంది" అన్నాడు భర్త, ఆమె వడ్డిస్తూ వడ్డిస్తూ పొట్ట పట్టుకుని ఆగిపోయినప్పుడు. వేళకి తినమన్న మనిషికి, ఆ వేళకి తన పక్కన గరిటె పట్టుకుని నిలబడిందెవరో కనిపించలేదు. "మా రోజుల్లో కడుపునొప్పని ఎవరు మంచమెక్కారమ్మా" అంది అత్తగారు. ఆమె మాత్రం మంచమెక్కిందెప్పుడని? నాలుగేళ్ళుగా మాత్రలు మింగుతూ, నాలుగు మెట్లెక్కితే ఆయాసపడుతూ, ఒంట్లో రక్తం లేదంటే బద్ధకస్తురాలని పేరు తెచ్చుకుంటూ, ఇల్లూ ఉద్యోగమూ ఈడ్చుకొస్తూనే ఉంది. చివరికి ఇంట్లో చెప్పకుండా, తను పనిచేసే ఆసుపత్రిలోనే ఎండోస్కోపీ చేయించుకుని, పరీక్షకని కడుపులోంచి చిన్న ముక్క తీయించుకుంది. ల్యాబ్‌లో గుసగుసలెందుకని పుట్టింటి ఇంటిపేరు రాయించింది.

ఆమె పని ఆ ల్యాబ్‌లోనే. రోగుల ఒంట్లోంచి తీసిన ముక్కల్ని మైనంలో బిగించి, ఆ దిమ్మను యంత్రానికి తగిలించి, చక్రం తిప్పుతూ ఉల్లిపొర కంటే పల్చగా కోస్తుంది. ఇరవై ఏళ్ళుగా తిరిగిన చెయ్యి. ఆ ఉదయం ల్యాబ్ డాక్టరమ్మ ఒక నంబరు రాసి చీటీ పంపింది: ఈ కడుపు ముక్క నుంచి ఇంకో పొర కోసి, న్యూరోఎండోక్రైన్ కణాలు కనపడే రంగు వెయ్యాలి. మొదటిసారి కోసిన తోటి ఉద్యోగిని సెలవులో ఉంది. ఆ నంబరు ఆమెకు కంఠతా వచ్చు. అది తనదే.

ఆ కణాల సంగతి ఆమెకు తెలుసు. కడుపు గోడలో అక్కడక్కడా ఒదిగి ఉండి, ఆమ్లం ఊరమని కబుర్లు పంపే కణాలవి. కడుపు పాడై ఆమ్లం ఊరకపోతే, ఒక హార్మోను ఇంకా ఇంకా అంటూ వాటి వెంటపడుతుంది. అవి పెరిగి పెరిగి గడ్డ కడతాయి. ఆ రకం గడ్డలు చాలావరకు నిదానం. ఎవరూ తరమకుండానే వాటంతటవి పెరిగేవి వేరు, అవి కాలేయం దాకా పాకగలవు. తనది ఏ రకం?

దిమ్మలో మిగిలింది నువ్వుగింజంత. చక్రం ఆపకుండా తిప్పితే చాలు, ముక్కంతా తునకలై చెత్తబుట్టలో పడుతుంది. "ముక్క సరిపోలేదు" అని రాస్తే అడిగేవాళ్ళుండరు, ఎన్నోసార్లు నిజంగానే అలా రాయాల్సి వచ్చింది. అప్పుడు గ్యాస్ గ్యాస్‌గానే ఉండిపోతుంది. రేపు కూడా నిన్నటిలాగే వంట, బస్సు, ల్యాబ్, మళ్ళీ వంట. ఎంత హాయి. ఆమె చక్రం తిప్పింది. ఒక పొర రాలింది. రెండు. మూడు. ఏదీ అందుకోలేదు. నాలుగో పొరను మాత్రం కుంచెతో ఎత్తి గోరువెచ్చని నీళ్ళ మీద వదిలింది. అది ముడత లేకుండా పరుచుకుంది.

మర్నాడు మధ్యాహ్నం డాక్టరమ్మ మైక్రోస్కోపులోంచి తలెత్తకుండానే పిలిచింది.

"రంగు బాగా పట్టిందమ్మా. ఆ కణాలే, గుంపులు గుంపులుగా ఉన్నాయి. ఏ రకమో తెలియాలంటే రక్తపరీక్ష, స్కాన్ కావాలి. ఆ పేషెంటుకి ఫోన్ చేసి రేపు పరగడుపున రమ్మను. ఎవర్నైనా తోడు తెచ్చుకోమను."

"ఫోనక్కర్లేదు మేడమ్. అది నాదే."

డాక్టరమ్మ లేచి, తన కుర్చీ ఆమె వైపు జరిపింది.

"నువ్వే కోశావా?"

"కోశాను. మూడు పొరలు పారేశాను కూడా. మొత్తం పారేద్దామనే మొదలుపెట్టాను. చాలా భయమేసింది మేడమ్. ఇప్పుడూ భయంగానే ఉంది."

"మరి ఎందుకాగావు?"

ఆమె ఆ కుర్చీ అంచున కూర్చుంది.

"నా నొప్పిని ఇంట్లో ఎవరూ నమ్మలేదు. ఆ ముక్క కూడా పారేస్తే, నేనూ వాళ్ళలో ఒకదాన్నవుతాను కదా మేడమ్."