నది దాటని తుపాకి

చెల్లెలి మీద లవోన్‌కు ఉన్న కడుపుమంట ఈనాటిది కాదు. కారిన్ పెళ్లి చేసుకుని నదికి అటువైపు, అయోవా రాష్ట్రంలోని బెటెన్‌డార్ఫ్‌లో కాపురం పెట్టిన దగ్గర్నుంచీ ఉంది. లవోన్ మాత్రం పుట్టిన ఊరు వదలకుండా ఇటువైపు, ఇల్లినాయ్ రాష్ట్రంలోని మొలీన్‌లోనే ఉండిపోయి, బడి వంటశాలలో పిల్లలకు వండి పెడుతోంది. ఇద్దరి మధ్యా ఉన్నది మిసిసిపి నది ఒక్కటే. వంతెన ఎక్కితే ఒక పాట పూర్తయ్యేలోగా అటు తేలతారు. కానీ అటు తేలినవాళ్లకు అన్నీ సులువుగా అయిపోతాయని లవోన్ నమ్మకం. అది వట్టి నమ్మకం కాదు, కళ్లారా చూసింది.

కొన్నేళ్ల క్రితం అక్కచెల్లెళ్లిద్దరూ ఒకే శరదృతువులో వేట తుపాకులు కొనుక్కున్నారు. లవోన్ ముందు రాష్ట్రంవాళ్ల తుపాకి కార్డుకు దరఖాస్తు పెట్టుకుంది. ఫొటో ఇచ్చింది. వారాల తరబడి పోస్టు డబ్బా తెరిచి చూసుకుంది. కార్డు వచ్చాక కొట్టుకు వెళ్లి, తుపాకి నచ్చి, డబ్బు కట్టి, ఉత్త చేతులతో ఇంటికి వచ్చింది. ఇల్లినాయ్‌లో డబ్బు కట్టినా మూడు రోజులు ఆగాలి. కొనేవాళ్ల కోపతాపాలు ఏమైనా ఉంటే చల్లారడానికట. అదే వారం కారిన్ తన ఊరి పక్కనే ఉన్న డావెన్‌పోర్ట్‌లో రైతు సామాన్ల కొట్టుకు కుక్క తిండి కోసం వెళ్లింది. కుక్క తిండి, రబ్బరు బూట్లు, వాటితోపాటు ఒక తుపాకి కొనేసింది. కొట్టువాడు ఎవరికో ఫోన్ చేసి ఆమె పేరు మీద కేసులేమీ లేవని తెలుసుకుని, బండి దాకా మోసి పెట్టాడు. సాయంత్రానికి లవోన్ ఫోన్‌కు ఫొటో వచ్చింది. కింద ఒక మాట: "నీదింకా చల్లారలేదా అక్కా?"

ఆ మాట లవోన్ కడుపులో ఇప్పటికీ కాలుతూనే ఉంది. ఒకే అమ్మ కడుపున పుట్టారు, ఒకే బల్ల మీద తిన్నారు. ఇటు ఒడ్డున ఉన్నందుకు తను అనుమానించదగిన మనిషి, అటు ఒడ్డున ఉన్నందుకు అది నమ్మదగిన మనిషీనా? నిజానికి తొమ్మిదింటి దాకా ముసుగుతన్ని పడుకునే కారిన్‌కు వేటేమిటి, పాడేమిటి! నాన్నతో పన్నెండేళ్ల వయసు నుంచి మంచులో నడిచింది లవోన్. ఆయన ఎడమ పక్క చోటు ఎప్పుడూ ఆమెదే.

ఆ నాన్న, రెమీ క్లేస్, ముసలితనంలో అయోవా వైపే నది ఒడ్డున లెక్లేర్‌లో చిన్న ఇల్లు కొనుక్కున్నాడు. వంటింటి గుమ్మం పైన రెండు దుప్పి కొమ్ముల మీద తాత తుపాకి పెట్టుకున్నాడు. మొలీన్‌లో నాగళ్ల కర్మాగారంలో పనికని బెల్జియం నుంచి ఓడెక్కిన తాత, బట్టల పెట్టెలో దాన్ని చొక్కాల మధ్య చుట్టి తెచ్చాడు. మధ్యకు మడిచి తూటాలు పెట్టే జంట గొట్టాల తుపాకి. ఏటా అక్టోబరు చివరి శనివారం అయోవాలో ఫెజెంట్ అనే అడవి కోళ్ల వేట మొదలవుతుంది. ఆ రోజు క్లేస్ ఇంటివాళ్లంతా కోత కోసిన మొక్కజొన్న చేలో వరసగా నడుస్తారు. తాత తుపాకి పట్టుకున్నవాళ్లదే మధ్య చోటు. వాళ్లు తిరగమంటే వరస తిరగాలి, ఆగమంటే ఆగాలి. మొదటి పుంజు తోకలో పొడుగాటి ఈక వాళ్ల టోపీకే. అర్ధ శతాబ్దంగా ఆ ఈక రెమీ టోపీదే. పోయిన ఏడు ఆయన చేలో రెండుసార్లు తూలాడు. ఈ ఏడు కర్రతో వెనక నడుస్తానన్నాడు. అంటే మధ్య చోటు ఖాళీ. అది ఎవరికి వస్తుందో లవోన్‌కు వేరే ఎవరూ చెప్పక్కర్లేదనిపించింది.

శనివారం వేట అనగా బుధవారం పొద్దున, బడికి సెలవు కావడంతో, ఆమె నాన్నకిష్టమైన సన్నని వాఫుల్స్ గళ్ల అచ్చులో కాల్చి డబ్బాలో పెట్టుకుని వంతెన దాటింది. వంటింట్లో అడుగు పెట్టగానే తలెత్తి చూసింది. దుప్పి కొమ్ములు బోసిగా ఉన్నాయి.

"తుపాకేది నాన్నా?"

"కారిన్ పట్టుకెళ్లింది." రెమీ కళ్లు డబ్బా మీదే ఉన్నాయి. "ఆదివారం వచ్చింది. అడిగింది. ఇదిగో, ఈ బల్ల మీదుగానే చేతిలో పెట్టాను."

"అడిగితే ఇచ్చేయడమేనా?"

"మా వైపు అంతేగా. తండ్రి ఇస్తాడు, కూతురు పుచ్చుకుంటుంది. నీకివ్వాలంటే మధ్యలో కొట్టువాడు కావాలి, నీ కార్డు కావాలి, ఆ మూడు రోజులు..."

"అయితే నేను నదికి అటుపక్క ఉన్నందుకు నీ కూతుర్ని కాకుండా పోయానా?"

"ఓసి పిచ్చిదానా, పూర్తిగా విను. దానికి నేనేం చెప్పానంటే..."

వినలేదు. వినే స్థితిలో లేదు. డబ్బా బల్ల మీద ఎత్తి పడేసి, తలుపు దభాలున వేసి వెళ్లిపోయింది. లోపల రెమీ ఏదో అరుస్తున్నాడు. బండి చప్పుడులో ఆ మాటలు కలిసిపోయాయి.

నేరుగా బెటెన్‌డార్ఫ్ వెళ్లింది. కారిన్ పళ్ల డాక్టరు దగ్గర రిసెప్షన్‌లో పని చేస్తుంది, బుధవారాలు ఇంట్లోనే ఉంటుంది. పొయ్యి మీద మాంసం, చిక్కుడు గింజలు ఉడుకుతున్నాయి. పక్కన దాల్చినచెక్క రోల్స్ పొంగుతున్నాయి. వాటిని తలదన్నేలా పొంగుతోంది కారిన్ ముఖం. హాల్లో చలిమంట వేసుకునే నిప్పుగూటి మీద, పెళ్లి ఫొటో తీసేసి, ఆ మేకులకే తాత తుపాకి తగిలించింది.

"చూశావా అక్కా, ఇక్కడైతే ఎంత అందంగా ఉందో!"

"గోడ కోసం కాదే అది. దాని మడత ఎటు నొక్కితే తెరుచుకుంటుందో తెలుసా నీకు?"

"శనివారం లోపు నేర్చుకుంటాలే. మధ్యలో నడిచేది నేనే కదా. నువ్వు కాస్త ఎడంగా నడు, ఈక నీ కంట్లో గుచ్చుకోగలదు."

"నాన్న నీకు పూర్తిగా ఇచ్చేశాడా?"

కారిన్ పొయ్యి వైపు తిరిగి గరిట తిప్పింది. "ఇచ్చినట్టేలే," అంది. "అంత ఏడుపైతే పట్టుకుపోవే! బండిలో వేసుకో. వంతెన మీద నిన్ను ఆపేదెవరు? ఆ... నీకు భయం కదూ. మీ ఇల్లినాయ్‌వాళ్లు తుమ్మాలన్నా కార్డు చూపించాలి."

ఉత్త వేళాకోళమది. కానీ లవోన్ నిప్పుగూటి దగ్గరికి నడిచి, తుపాకి దించి, మడత విప్పి ఖాళీగా ఉందో లేదో చూసి, సోఫా మీదున్న దుప్పటిలో చుట్టింది. కారిన్ గరిటతో సహా వాకిట్లోకి పరుగెత్తుకొచ్చేసరికి బండి మలుపు తిరిగిపోయింది.

లవోన్ లెక్క ఒక్కటే. ఈ పూటే మొలీన్‌లో తుపాకులమ్మే వెండెల్ కొట్టులో దాన్ని తన పేర రాయించేస్తే, మూడు రోజులు శనివారానికి సరిపోతాయి. కార్డు ఉంది, నేరమేమీ లేదు, తుపాకి సొంత తాతది. ఆ మూడు రోజుల్ని ఎన్నేళ్లుగానో తిట్టుకున్న మనిషి, ఇప్పుడవి తన కోసమే సరిగ్గా కొలిచిపెట్టినట్టు సంబరపడింది. అసూయ మనిషికి లెక్కలు ఎంత బాగా నేర్పుతుందో, దారి అంత తప్పుగా చూపిస్తుంది.

వెండెల్ ముసలాయన, చర్చిలో తెలిసినవాడే. దుప్పటి విప్పగానే ముఖం వెలిగింది. "ఆహా! మీ తాతది కదూ? ఎన్నాళ్లకు చూశానమ్మా దీన్ని." తాకబోయి చెయ్యి ఆపాడు. "ఇది లెక్లేర్‌లో ఉండాలే. నది ఎవరు దాటించారు?"

"నేనే."

ఆయన రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నాడు. "మీ నాన్న పక్కన ఉన్నాడా?"

"లేడు. ఆయనదేగా, నేను ఆయన కూతుర్నేగా?"

"కూతురివైనా మనవరాలివైనా, అటు రాష్ట్రంవాడు ఇటు రాష్ట్రంవాళ్లకి ఇవ్వాలంటే మధ్యలో నాలాంటివాడు ఉండాల్సిందే. అదొక్క ఇల్లినాయ్ మాట కాదు, దేశమంతా అంతే. ఆయన తెచ్చి నా చేతికివ్వాలి, నీ కార్డు చూసి, మూడు రోజులాగి, నేను నీకివ్వాలి. నువ్వు తెచ్చి నువ్వే పుచ్చుకుంటానంటే ఎలాగమ్మా? నేను చూడలేదు. చుట్టెయ్. తిన్నగా వాళ్లింటికి పట్టుకెళ్లు, దారిలో కాఫీకి కూడా ఆగకు."

లవోన్ ముఖం కందిపోయింది. ఇన్నేళ్లుగా ఒక్క కాగితం తప్పు పోకుండా నడుచుకున్న మనిషి, చెల్లెలి మీద పంతానికి దొంగలా నిలబడింది. దుప్పటి చుడుతుంటే వెండెల్ మెల్లగా అన్నాడు. "మీ నాన్న వేసవి ముందు ఇక్కడికొచ్చి నీ గురించే అడిగాడు. చెప్పలేదా?"

"ఏమని?"

"ఆయన్నే అడుగు."

ఆమె లెక్లేర్ చేరేసరికి వాకిట్లో కారిన్ బండి లేదు. రెమీ ఒక్కడే వంటింట్లో కూర్చుని వాఫుల్స్ తింటున్నాడు. అప్పటికే కారిన్ ఫోన్ చేసి ఏడ్చి మొత్తుకున్నట్టుంది. కూతుర్నీ దుప్పటి మూటనీ చూసి ఆయన కోప్పడలేదు. కుర్చీ చూపించాడు.

"వెండెల్ దగ్గరికెందుకెళ్లావు నాన్నా?"

"నీకివ్వడానికి." పంచదార అంటిన వేళ్లు చొక్కాకు తుడుచుకున్నాడు. "మూడు రోజులు వాడి కొట్లో వదిలిపెట్టమన్నాడు. మా నాన్న నుంచి నాకొచ్చిన తుపాకే అది. ఒక్క రాత్రి కూడా పరాయి కప్పు కింద పడుకోలేదు. దాన్ని అంగట్లో బేరం సరుకులా అలమరలో పెట్టించనా? చస్తే పెట్టించనన్నాను. అప్పుడు వాడన్నాడు, చస్తే అక్కర్లేదులే అని."

"అంటే?"

"చచ్చిపోయినవాడు వీలునామాలో రాసి ఇస్తే, నది అడ్డం రాదట. కొట్టువాడు మధ్యలో వద్దు, మూడు రోజులూ వద్దు. నీ కార్డు నీ దగ్గరుంటే చాలు, నేరుగా నీ ఇంటికొస్తుంది. ఇదేదో బాగుందనిపించింది. రాసేశాను. నా తరవాత తుపాకి నీది. నేనున్నన్నాళ్లు గోడకు వేలాడటమెందుకని, కారిన్ అడిగితే మోసుకు తిరగమన్నాను. వీలునామా సంగతి దానికి ఇంకా చెప్పలేదు. పొద్దున నీకు చెబుదామంటే నువ్వు నా తలుపు విరగ్గొట్టే పనిలో ఉన్నావు."

లవోన్ గెలిచింది. చెల్లెలి నిప్పుగూటి మీద వేలాడింది చెల్లెలిది కాదు, తనది. ఆ సంతోషం ఎంతోసేపు నిలవలేదు. ఎదురుగా ఆయన వాఫుల్ పట్టుకున్న చెయ్యి వణుకుతోంది. ఆ తుపాకి కోసం తను ఇక ఎదురుచూడటమంటే, ఆ చెయ్యి ఆగిపోయే రోజు కోసం ఎదురుచూడటమే.

"వెండెల్ దగ్గరికి పోదాం పద నాన్నా," అంది గబగబా. "మూడు రోజులేగా. నేను ఆ కొట్టు గుమ్మంలోనే కాపలా కూర్చుంటాను."

"కుదరదు."

"నాకలా వద్దు నాన్నా. నువ్వు పోతే వచ్చేది నాకొద్దు."

"మా నాన్న పోతేనే నాకొచ్చింది, నేను కాదన్నానా? ఊరికే ఏడవకు. కాఫీ పెట్టు." ఆయన మొండితనం ముందు ఏ రాష్ట్రం చట్టమైనా మెతకే.

శనివారం పొద్దున ఎనిమిదింటికి చేను మీద మంచు ఇంకా కరగలేదు. నారింజ రంగు చొక్కాల్లో అందరూ వరస కట్టారు. రెమీ కర్ర ఆనించుకుని వెనక నిలబడి, అందరూ వినేలా, వీలునామా సంగతి కారిన్‌కు కూడా చెప్పేశాడు. ఆయనకు గుట్టుగా చెప్పడం ఏనాడూ చేతకాదు.

నాన్న తిరిగి చేతికిచ్చిన తాత తుపాకితో కారిన్ మధ్యలో నిలబడి ఉంది. తల తిప్పి అక్క వైపు చూసింది. ఆ చూపు లవోన్‌కు కొత్త కాదు. నిన్న మొన్నటి దాకా తన బండి అద్దంలో తనకు కనిపించిన చూపే అది. పెదవులు బిగుసుకుని, కళ్లు ఎర్రబడి ఉన్నాయి.

"నాకు అరువూ, నీకు సొంతమూనా?" అంది కారిన్. "వారం వారం ఆయన్ని డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లేది నేను. మందులు తెచ్చేది నేను. నది అవతల కూర్చున్నదానికి తుపాకి!"

లవోన్ ఎడమ పక్క తన పాత చోట్లో నిలబడింది. వెనక నాన్న కర్ర మట్టిలో దిగుతున్న చప్పుడు, మధ్య మధ్య ఆయన ఆయాసం వినిపిస్తున్నాయి. చెల్లెలి చేతిలోని తుపాకి వైపు చూసి, ఇన్నేళ్లలో మొదటిసారి, మనస్ఫూర్తిగా అంది.

"అది చాలా ఏళ్లు నీ దగ్గరే ఉండాలే, కారిన్."

"ఎగతాళి చెయ్యకు," అని కారిన్ ముఖం తిప్పుకుని, వరసను ముందుకు నడవమంది.