కొలను శుభ్రం చేయించినవారు

“నీళ్లలో మందు ఎవరు పొయ్యమన్నారు?”

కిందటి వేసవి శిబిరం ముగింపు సభలో, ముఖ్య అతిథీ, శిబిరం నడిపే పేట సంఘం పెద్దలూ, తల్లిదండ్రులూ కొలువుతీరి ఉండగా, రెండో తరగతి చదివే ఒక పిల్ల అడిగిన ప్రశ్న ఇది. సమాధానం తెలిసినవారు ఆ సభలో ఒకరికంటే ఎక్కువమందే ఉన్నారు. ఏ ఒక్కరూ నోరు విప్పలేదు. మళ్లీ వేసవి వచ్చింది. ఇప్పటికీ విప్పలేదు.

మా పేట పార్కులో ఏటా ఎండాకాలం సెలవుల్లో కుటుంబ విజ్ఞాన శిబిరం జరుగుతుంది. పిల్లలు ఒంటరిగా రాకూడదు, ఇంట్లో పెద్దవారెవరైనా వెంట ఉండాలి అన్నది దాని నియమం. నియమం మంచిదే. అమలులో మాత్రం పెద్దలు బెంచీల మీద కూర్చుని ఫోన్లు చూసుకుంటారు, పిల్లలు కాగితాలతో పడవలు చేస్తారు, గోనెసంచుల్లో గెంతుతారు, పూలకుండీలకూ తమ బట్టలకూ సమానంగా రంగులు పూస్తారు. ఒక మూలన రాతిగట్టు కట్టిన చిన్న కొలను ఉంది. అక్కడ పాఠం నాది. జీవశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసినదాన్ని కనుక ఆ మూల నాకు అప్పగించారు. అటువైపు ఎవరూ వెళ్లరు కనుక ఎవరికీ అభ్యంతరం లేకపోయింది. నీరు పాచిపట్టి చిక్కగా, పచ్చగా ఉండేది. ఆ పాచే అందులోని తోకకప్పలకు అన్నం.

నా పాఠానికి ఒకటే పద్ధతి. ముట్టుకోకూడదు, పట్టుకోకూడదు, సీసాలో పెట్టి ఇంటికి తీసుకుపోకూడదు. గట్టు మీద బోర్లా పడుకుని, నిన్నటికీ ఇవాళ్టికీ ఏం మారిందో చూడాలి. చూసింది చెప్పాలి. అడగాలనిపిస్తే అడగాలి, అడిగినవారికి సమాధానం చెప్పేదాకా ఎవరూ గట్టు దిగకూడదు. చెప్పడం ఇష్టం లేనివారు చెప్పనక్కరలేదు.

ఆ చివరి వెసులుబాటు సంగతి ఎవరి నోటో విని, ఒక బస్సు కండక్టరు తన కూతురిని చేయి పట్టుకుని నా దగ్గరకు తీసుకొచ్చింది. డ్యూటీ చొక్కా మీదే ఉంది, భుజాన టిక్కెట్ల సంచీ వేలాడుతోంది.

“ఇంట్లో దీని నోరు ఒక్క క్షణం మూతపడదండీ. గడప దాటిందా, తాళం పడిపోతుంది. నా బస్సులో టిక్కెట్టు తీసుకోవడానికి కూడా జనం ఇంత బెట్టు చెయ్యరు.”

“డాక్టరుకు చూపించారా?”

“చూపించాను. గొంతులో ఏ లోపమూ లేదన్నారు. భయం పోతే అదే మాట్లాడుతుంది, తొందరపెట్టకండి అన్నారు. తొందర నాకెక్కడుందండీ? వాళ్ల పెద్ద టీచరమ్మకుంది.”

ఆ పెద్ద టీచరమ్మ, అంటే ప్రధానోపాధ్యాయిని, మాటా పలుకూ లేని పిల్లను మామూలు బడిలో ఉంచలేనని తేల్చేసింది. వేరే ఊళ్లో ఇలాంటి పిల్లలకు హాస్టలుతో కూడిన బడి ఉంది, అక్కడ చేర్చమంది. తల్లి కాళ్లావేళ్లా పడితే ఒక మినహాయింపు ఇచ్చింది: శిబిరం చివరి రోజు తానే వస్తుంది, నలుగురి ఎదుట పిల్ల ఒక్క మాట చెబితే బడిలోనే ఉంచుకుంటుంది.

“ఒక్క మాటేనండీ,” అంది కండక్టరు. “మా ఇంట్లో ఉన్నది మేమిద్దరమే. ఇది పక్కలో లేకపోతే నాకు నిద్ర పట్టదు, నేను పక్కన లేకపోతే దీనికి ముద్ద దిగదు. అంత దూరంలో పడేస్తే నా సెలవులకు నెలకోసారి కూడా వెళ్లలేను. మీ దగ్గర ఎలాగైనా ఆ ఒక్క మాట...”

పసిపిల్లకు గడువు పెట్టి మాట వసూలు చేయడం ఏ విద్యాశాస్త్రంలో ఉందో నాకు తెలియదు. ఆ శాస్త్రం నేను శ్రద్ధగానే చదివాను. ఎక్కడా కనిపించలేదు.

తోటి పిల్లలు ఆమెకు అప్పటికే ‘మూగనోము’ అని పేరు పెట్టేశారు. “ఒరేయ్, మూగనోము వచ్చింది! నీ రహస్యాలన్నీ దానికి చెప్పుకోరా, చచ్చినా బయటపెట్టదు!” అని అరిచేవారు. ఆమె వినిపించుకునేది కాదు. నేరుగా వచ్చి గట్టు మీద బోర్లా పడుకునేది. ఉదయపు డ్యూటీని మరొకరితో మార్చుకున్న తల్లి, పక్కనే సంచీ ఒళ్లో పెట్టుకుని కునికిపాట్లు పడేది.

మొదట్లో పిల్ల చూసేది, అంతే. తరువాత మారిందేమిటో వేళ్లతో చూపించేది. ఆ తరువాత మాట్లాడడం మొదలుపెట్టింది. మాతో కాదు, నీళ్లతో. గడ్డం రాతికి ఆనించి, పెదవులు నీటికి తగిలీ తగలనట్లు ఉంచి చెప్పేది. నేను ముఖం అటు తిప్పుకుని కూర్చునేదాన్ని. చెవులు మాత్రం ఇటే ఉండేవి.

“నీకు వెనక కాళ్లొచ్చాయి. ముందువి రాలేదు. ఏం ఫర్లేదు, తొందరేం లేదు.”

వాటిలో తోక వంకరగా ఉన్నదొకటి ఉండేది. దానికి వంకరయ్య అని పేరు పెట్టింది. “వంకరయ్యా, ఇటు రా. అన్నం తిన్నావా? అబద్ధాలు చెప్పకు, పొట్ట చూస్తే తెలుస్తోంది.” కొన్నాళ్లకు వంకరయ్య తోక కురచ కావడం గమనించింది. “నీ తోక ఏదీ? ఎటు పోతోంది?” అని అడిగింది. వంకరయ్య చెప్పలేదు. నేనూ నీళ్ల వైపే చూస్తూ సమాధానం చెప్పాను:

“ఊడిపోదు. మెల్లగా ఒంట్లోకే కరిగిపోతుంది. కప్పగా మారేటప్పుడు దాని నోరు కూడా మారిపోతుంది కదా, ఆ కొద్ది రోజులూ ఏమీ తినలేదు. ఆ తోకే దానికి తిండి.”

పిల్ల నీళ్ల మీదికి వంగి, “విన్నావా వంకరయ్యా? నీ తోక నువ్వే తింటున్నావట. ఛీ!” అంది. అని, పకపకా నవ్వింది. తల్లి కళ్లు తెరవలేదు. కునుకు నటిస్తోందని గుప్పిట బిగించిన తీరే చెప్పింది.

అప్పుడే నాకు దారి కనిపించింది. వేదిక వద్దు. చివరి రోజు పెద్దలే కొలను దగ్గరకు వస్తారు, పిల్ల ఎప్పటిలాగే బోర్లా పడుకుని వంకరయ్యతో తోక సంగతి మాట్లాడుతుంది, వినేవారు వింటారు. ప్రధానోపాధ్యాయిని ఒప్పుకుంది. “నీళ్లతో చెబితేనేం, గోడతో చెబితేనేం, మాకు వినిపిస్తే సరి,” అంది. సంఘం కార్యదర్శికీ చెప్పాను, కొలను దగ్గర ఏదీ కదపవద్దని, ఆ జీవులు ఉంటేనే ఆ పిల్ల నోరు విప్పుతుందని.

“అయ్యో మేడమ్, అదేం మాట! ఈసారి మీ కొలనే మాకు హైలైటు. అతిథి గారితో ఫొటో అక్కడే తీయిస్తున్నాం,” అన్నాడు.

ముగింపు రోజు ఉదయం పార్కు గేటు దాటేసరికి కొలను దూరం నుంచే మెరిసింది. అంతవరకూ దాని అడుగు నేను చూసి ఎరగను. నీలిరంగు పలకలు పరిచి ఉన్నాయి. నీరు గాజులా ఉంది. ఆసుపత్రి వరండాలో వచ్చే వాసన వస్తోంది. గట్టు మీద ఆకుపచ్చ ప్లాస్టిక్ కప్పలను వరుసగా కూర్చోబెట్టారు. వెనక ‘కప్ప జీవిత చక్రం’ అని పెద్ద బ్యానరు కట్టారు. అందులో ముందుకాళ్లు ముందు మొలిచాయి. అదైనా సరిగా వేయలేకపోయారు.

గట్టు పక్కన గంపలో పాచీ ఆకులూ పోగుపడి ఉన్నాయి. పాచిలో తెల్లని పొట్టలు కనిపిస్తున్నాయి.

“ఇదేమిటయ్యా?” అని తోటమాలిని అడిగాను.

“కొలను కడిగామమ్మా. బ్లీచింగ్ పౌడరు పోశాం. ఎలా తళతళలాడుతోందో చూడండి.”

“నిన్నెవరు పోయమన్నారు?”

“పొయ్యమన్నారు, పోశాను.”

“అదే, ఎవరు?”

“పైవాళ్లమ్మా,” అన్నాడు చేయి పైకెత్తి. ఆకాశాన్ని చూపించాడో, మేడ మీది సంఘం ఆఫీసును చూపించాడో చెప్పలేను.

వెనక్కు తిరిగితే తల్లీ కూతుళ్లు నిలబడి ఉన్నారు. పిల్లకు ఇస్త్రీ గౌను తొడిగి, తల నున్నగా దువ్వి తీసుకొచ్చింది. మా మాటలు ఇద్దరూ విన్నారు. పిల్ల తల్లి చేయి వదిలించుకుని వెళ్లి, ఎప్పటి చోటే బోర్లా పడుకుంది. వంకరయ్యను పిలవలేదు. చాలాసేపు అడుగు దాకా చూసింది. తరువాత లేచి, గంప దగ్గర కూర్చుని, గంపలోకి చూసింది.

కార్యదర్శి చేతులు నలుపుకుంటూ వచ్చాడు. “ఎలా ఉంది మేడమ్? మీ పాఠం కోసమే కదా ఇదంతా! ఇప్పుడైతే అడుగుదాకా కనిపిస్తుంది.”

“అడుగున చూడడానికి ఏం మిగిల్చారు?”

“మీరు మరీనూ. నాలుగు పురుగుల కోసం అతిథి గారిని పాచినీళ్ల పక్కన నిలబెట్టమంటారా?”

“పోయమన్నది మీరేనా?”

“నేనా? భలేవారే! అందరూ అనుకున్నదే. అధ్యక్షుల వారిని అడగండి.”

అధ్యక్షుడు, అదంతా కార్యదర్శి చూసుకున్నాడన్నాడు. మిగతా సభ్యులు ఒకరి ముఖం ఒకరు చూసుకుని, తాము ఆ రోజు మీటింగుకు ఆలస్యంగా వచ్చామన్నారు. అందరూ ఆలస్యంగా వచ్చిన మీటింగులో ఎవరు తీర్మానించారో వారే చెప్పాలి. తిలాపాపం తలా పిడికెడు అంటారు. ఇక్కడ ఆ పిడికెడైనా ఎవరి గుప్పిట్లోనూ దొరకలేదు.

ప్రధానోపాధ్యాయినిని పక్కకు పిలిచాను. “ఇవాళ వద్దు. ఆ పిల్ల ఎవరితో మాట్లాడుతోందో వారు చచ్చిపోయారు. వారం ఆగండి,” అన్నాను.

“కప్పపిల్లలండీ, బంధువులు కారు. నేనూ సెలవు పాడుచేసుకునే వచ్చాను. అనుకున్నది అనుకున్నట్టే కానివ్వండి.”

కానిచ్చారు, వేదిక వద్దన్న మాట ఒక్కటి మినహా. వేదిక ఎక్కించి, పిల్ల చేతిలో ప్లాస్టిక్ కప్పను పెట్టి, నోటి దగ్గర మైకు పెట్టాడు కార్యదర్శి. “చెప్పమ్మా! కప్ప ఏమంటుంది? బెకబెక! అంతే, బెకబెక అంటే చాలు!”

ముందువరుస చివర తల్లి నిలబడే ఉంది. “ఏదో ఒకటి తల్లీ. ఒక్క మాట. అమ్మ కోసం.”

పిల్ల ప్లాస్టిక్ కప్పను బల్ల మీద జాగ్రత్తగా పెట్టింది. మైకును రెండు చేతులా పట్టుకుంది. గేటు దాకా వినిపించేలా, ఏ తడబాటూ లేకుండా అడిగింది.

“నీళ్లలో మందు ఎవరు పొయ్యమన్నారు?”

ముందు కదిలింది తల్లి. “మాట్లాడింది! విన్నారా, మా అమ్మాయి మాట్లాడింది!” అని చుట్టూ ఉన్నవారి చేతులు పట్టుకుని ఊపేసింది. వెంటనే కార్యదర్శి తేరుకున్నాడు. “శభాష్! పర్యావరణం మీద ఎంత చక్కటి ప్రశ్నండీ! చప్పట్లు!” అన్నాడు.

చప్పట్లు కొట్టారు. అతిథి కొట్టాడు, అధ్యక్షుడు కొట్టాడు, ఆలస్యంగా వచ్చిన సభ్యులందరూ కొట్టారు. పిల్ల మైకు వదలకుండా నిలబడింది. అడిగినవారికి సమాధానం చెప్పేదాకా ఎవరూ గట్టు దిగకూడదని నేను నేర్పిన నియమం అది. చప్పట్లు పలచబడి ఆగిపోయాయి. ఆమె ఇంకా నిలబడే ఉంది, ఒక్కొక్కరి ముఖమే చూస్తూ. కార్యదర్శి ఆమె వేళ్లు ఒక్కొక్కటిగా విడదీసి మైకు తీసుకుని, కుండీలకు రంగులు వేసిన పిల్లలను వేదిక మీదికి పిలిచాడు.

సభ అయ్యాక తల్లి ప్రధానోపాధ్యాయిని దగ్గరకు పరుగెత్తింది. “అందండీ! ఒక్క మాట అన్నారు, అంతకంటే ఎక్కువే అంది!”

“అది చెప్పడం కాదమ్మా, నిలదీయడం. కప్ప గురించి ఒక్క ముక్క అందా?”

“ఏదో ఒక మాట అన్నారు కదండీ...”

“మాటంటే మాటలా ఉండాలి. పెద్దవాళ్లను పట్టుకుని ఎవరు పొయ్యమన్నారు, ఎవరు చెయ్యమన్నారు ఏమిటి? ఇన్నాళ్లూ నోరు లేదనుకున్నాం. ఉన్న నోరు ఇదన్నమాట. ఆ హాస్టల్లోనే బాగుపడుతుంది, తీసుకెళ్లండి.”

తీసుకెళ్లింది. బడులు తెరిచిన కొన్నాళ్లకు, డ్యూటీ దిగి వెళుతూ మా ఇంట్లోకి వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు. సంచీ పట్టీని వేలికి చుట్టుకుంటూ, విప్పుతూ చెప్పింది.

“వెళ్లేముందే ఇంట్లో కూడా మాట మానేసిందండీ. అన్నం కావాలా అంటే తల ఊపడం, అంతే. మొన్న చూడ్డానికి వెళ్లాను. సాయంత్రం దాకా నా పక్కనే కూర్చుంది, నేలకేసి చూస్తూ. మీకు అలవాటైపోతుందిలెండి అంది అక్కడి ఆయా.” సంచీ భుజానికి వేసుకుంది. “కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందని మా అమ్మ అంటూ ఉండేది. నవ్వులాటకు అంటోందనుకునేదాన్ని.”

భయం పోతే పలుకుతుందని డాక్టరు అన్నాడు. ఆమె భయం పోగొట్టుకునే అడిగింది. అడిగితే ఏమవుతుందో చూసింది.

ఈ ఏటి శిబిరం కరపత్రం నిన్న మా గుమ్మంలో పడేసి వెళ్లారు. దాని మీద ఆ పిల్ల ఫొటోయే ఉంది: రెండు చేతులా మైకు, వెనక నీలిరంగు కొలను. కింద ‘ప్రశ్నించడం నేర్పే శిబిరం’ అని రాశారు. కొలనులో నీరు ఇప్పటికీ తేటగానే ఉంది. కప్పలు గుడ్లు పెట్టడానికి రాలేదు.

ఇది చదువుతున్న మీరు ఆ సభలో ఉన్నవారైతే, మీకు సమాధానం తెలుసు. అక్కడ లేనివారైతే, అలాంటి సభలో మరెక్కడో చప్పట్లు కొట్టే ఉంటారు, అక్కడి సమాధానం మీకు తెలుసు. ఆ హాస్టలుకు బస్సు ఉంది. వెళ్లండి. ఆ పిల్ల ఎదురుగా నేల మీద కూర్చోండి. మందు ఎవరు పొయ్యమన్నారో మీ నోటితో చెప్పండి.