జర్మన్ డబ్బా

పొద్దున షట్టర్ ఎత్తగానే బసవయ్య చేసే మొదటి పని దేవుడికి దండం పెట్టుకోవడం కాదు, జ్ఞానమ్మ కుర్చీ జరపడం. తూర్పు కిటికీలోంచి పడే ఎండకు ఆమె నీడ మూడు కంప్యూటర్ల మీదా పరుచుకోవాలి. మధ్యాహ్నం ట్యూబ్‌లైటు కిందికి ఇంకోసారి జరుపుతాడు. జ్ఞానమ్మ నీడ చల్లగా ఉంటుంది. బోధన్‌లో ఆ సంగతి తెలియనివాళ్ళు లేరు. ఆకుకూరల వెంకటవ్వ ఏరికోరి ఆ షాపు మెట్ల మీదే గంప దించుతుంది. ఎండాకాలం చర్చిలో జ్ఞానమ్మకు నడిమి బెంచీ ఇస్తారు. క్రిస్మస్‌కు మాత్రం తలుపు పక్కన ఒంటరి కుర్చీ. ఆమె చెయ్యి తగిలితే ఒళ్ళు జిల్లుమంటుంది మరి.

పెళ్ళికార్డులు, గల్ఫుకు పోయేవాళ్ళ దరఖాస్తులు టైపు చేసేది కూడా జ్ఞానమ్మే. కానీ బసవయ్య జీతమిచ్చేది నీడకు. ఆ జీతంతోనే రాకాసిపేటలో ఆమె తల్లి యేసమ్మ, పురుటికొచ్చిన చెల్లెలు నెట్టుకొస్తున్నారు. చెల్లెలి బిడ్డను జ్ఞానమ్మ ఇంతవరకూ ఎత్తుకోలేదు. ఒకసారి పొయ్యి దగ్గర చేతులు కాచుకుని మరీ ముట్టుకుంది. అయినా పిల్ల ఉలిక్కిపడి ఏడ్చింది, ఆ రాత్రికే సర్ది చేసింది. అప్పట్నుంచీ దూరంగా కూర్చుని చూసుకుంటుంది, అంతే.

బసవయ్య గుంటూరు వైపు నుంచి వచ్చి, కాలువ కింద చెరకు పండించి, ఆ డబ్బుతో షాపు పెట్టినవాడు. అనుమానం మనిషి. ఉప్పు కొన్నా నాలుక మీద వేసుకుని చూస్తాడు. పాలు పోస్తే గోటి మీద బొట్టు వేసి, జారేదాకా వదలడు. అలాంటివాడి దగ్గరికి ఏప్రిల్‌లో ఒకనాడు నిజామాబాద్ నుంచి కంప్యూటర్ సామాన్లమ్మే రాజేశ్వర్ వచ్చాడు. చంకలో తళతళ మెరిసే ఖాళీ కేసు, కంప్యూటర్ లోపలి సామాను బిగించే డబ్బా. ముందొక ఫ్యాను, వెనకొక ఫ్యాను.

బసవయ్య దాన్ని చిటికెన వేలితో ఎత్తి చూశాడు. కేసు లేచింది, దాంతోపాటే అనుమానమూ లేచింది.

"ఇంత తేలికేంటయ్యా? ఊదితే ఎగిరిపోయేట్టుంది. ఏం లోహం ఇది?"

"జర్మన్, సార్."

"జర్మనీదా!" బసవయ్య గొంతులో మర్యాద వచ్చేసింది.

రాజేశ్వర్ అబద్ధమేం ఆడలేదు. ఇక్కడి వంటిళ్ళలో అల్యూమినియం గిన్నెను జర్మన్ గిన్నె అనే అంటారు. బసవయ్య ఇంట్లో దాన్నే సత్తు గిన్నె అంటారు. ఉప్పునూ పాలనూ మనుషులనూ అనుమానించే పెద్దమనిషి ఆ ఒక్క మాటను అనుమానించలేకపోయాడు. రాజేశ్వర్ కూడా సరిదిద్దకుండా చాయ్ ఊదుకుంటూ కూర్చున్నాడు.

"గిదుంటే ఏసీ అక్కర్లేదు, ఎవలి నీడా అక్కర్లేదు సార్. ముంగటి ఫ్యాను గాలి గుంజుతది, ఎన్కది వేడి ఎల్లగొడ్తది. మిగిలిన వేడి రేకే తాగుతది."

జ్ఞానమ్మ టైపు చేయడం ఆపి ఇటు తిరిగింది.

"పరీక్ష పెట్టాకే ఏదైనా," అన్నాడు బసవయ్య.

టేబులు ఖాళీ చేసేదాకా పట్టుకోమని కేసును జ్ఞానమ్మకిచ్చారు. ఆమె దాన్ని ఒళ్ళో పెట్టుకుని, రెండు చేతులూ చుట్టి, సవతిని చూసినట్టు చూసింది. నిజంగానే పసిపిల్లంత తేలిక. పట్టుకున్నకొద్దీ ఒంట్లోంచి ఏదో జారిపోతున్నట్టనిపించింది. భయంవల్లేమో అనుకుంది.

"ఇక నువ్వు బయట కూర్చో," అన్నాడు బసవయ్య. "నీ నీడ తగిలిందో, పరీక్ష చెల్లదు. తొంగి కూడా చూడకు."

రాజేశ్వర్ ఒక కంప్యూటర్ లోపలి సామానంతా విప్పి కొత్త కేసులో బిగించాడు. పక్కన పాత ఇనప కేసుది పెట్టారు. రెండింట్లోనూ ఒకే సినిమా వేశారు. బసవయ్య ఇంటినుంచి తెప్పించిన బెల్లం గడ్డలు రెండింటి మీదా చెరొకటి పెట్టాడు. ఏ గడ్డ ముందు చెమర్చితే ఆ కేసు ఓడినట్టు.

బయట మెట్ల మీద వెంకటవ్వ సణుగుతోంది. "ఏందే జ్ఞానమ్మా, కొత్తిమీర తలకాయ ఏలాడేసింది? జర సక్కగ కూసో, నీడ పడ్తలేదు."

"పడ్తనే ఉన్నది గదవ్వా."

వెంకటవ్వ ఆ నీడలో చెయ్యి పెట్టి, చటుక్కున తీసేసింది. బండ కాలుతోంది. జ్ఞానమ్మ నుదురు తుడుచుకుంటే వేళ్ళకు తడి తగిలింది. పుట్టి బుద్ధెరిగాక ఆమెకు పట్టిన మొదటి చెమట అది.

"గా డబ్బ నా సల్లదనం గుంజుకున్నదవ్వా!"

"గుంజదా మల్ల? జర్మన్ గిన్నెకు ఏది తగిల్తే గది జెప్పున పట్టుకుంటది," అని వెంకటవ్వ కూరల మీద తడిగుడ్డ కప్పింది.

లోపల ఇనప కేసు మీది బెల్లం పాకమై కారుతోంది. కొత్తదాని మీద గడ్డ రాయిలా ఉంది. కేసుకు మంచు పట్టినట్టు నీటిచుక్కలు. బసవయ్య వాటిని తువ్వాలుతో తుడిచి, తువ్వాలును వాసన చూసి, అప్పుడు నవ్వాడు.

"ఇంకో రెండు తెప్పించు రాజేశ్వర్. జ్ఞానమ్మా, ఒకటో తారీఖు నుంచి నువ్వు రానక్కర్లేదు."

"సార్, గది డబ్బ సల్లదనం గాదు, నాది. ఒళ్ళె పెట్టుకున్నప్పుడు పట్టుకపోయింది."

"ఉద్యోగం పోతుందనేసరికి ఎన్ని మాటలొస్తాయో!"

ఆమె తన చెయ్యి అతని మణికట్టు మీద పెట్టింది. వెచ్చగా ఉంది.

"ఎండలో కూర్చుంటే ఎవరి చేతులైనా వెచ్చబడతాయి," అని బసవయ్య చెయ్యి లాక్కున్నాడు.

జ్ఞానమ్మ ఇంటికొచ్చి గోడకు చేరగిలబడింది. నీడా పోయింది, నౌకరీ పోయింది. రేపట్నుంచి ఇల్లెట్లా గడవాలి? ఏడుపొచ్చింది, ఏడ్చింది. అప్పుడే ఉయ్యాల్లో పిల్ల కూడా అందుకుంది. చెల్లెలు నీళ్ళకు పోయింది. జ్ఞానమ్మ అలవాటు కొద్దీ చేతులు కాచుకుందామని పొయ్యి దగ్గరికి పోయింది. పొయ్యి ఆరిపోయి ఉంది. తన అరచేతులు చెంపలకు ఆనించుకుని చూసుకుంది. తిరిగొచ్చి పిల్లను ఎత్తుకుంది.

"వద్దే, సర్ది చేస్తది!" యేసమ్మ పరుగెత్తుకొచ్చింది.

పిల్ల ఏడుపాపి, జ్ఞానమ్మ మెడ వంపులో ముక్కు రుద్దుకుని, నిద్రపోయింది. యేసమ్మ నమ్మలేక కూతురి నుదురు పట్టి చూసింది.

"జరమొచ్చిందా నీకు?"

"లేదవ్వ. మనుషులు గిట్లనే ఉంటరు గావచ్చు."

మే నెలలో ఒక మధ్యాహ్నం బసవయ్య రాకాసిపేట వెతుక్కుంటూ వచ్చాడు. చేతికొక కొత్త కేసు. తర్వాత తెప్పించిన ఈ రెండూ అన్ని గిన్నెల్లాగే కాగుతున్నాయట. బెల్లం నేలదాకా కారిందట.

"జర్మన్ అంటే సత్తని ఒక్కరూ చెప్పలేదేం?"

"మీరు అడగలే సార్."

"సరేలే. వీటిని కాసేపు ఒళ్ళో పెట్టుకో. జీతం మామూలే."

గడపలో కూర్చున్న జ్ఞానమ్మ కిందికి చూసుకుంది. ఒళ్ళో నిద్రపోతున్న పిల్ల గుప్పిట్లో ఆమె కొంగు ఉంది.

"ఒళ్ళె జాగ లేదు సార్."

బసవయ్యకు ఇంకా అనుమానమే. చెప్పు విడిచి, గడప ముందు పడ్డ ఆమె నీడలో పాదం పెట్టి చూశాడు. నేల మే నెలలో కాలినట్టే కాలింది. కాలు తీసి చెప్పు తొడుక్కున్నాడు.

"పోనీ, టైపింగుకైతే వస్తావా?"

ఇన్నేళ్ళలో ఆ పని పేరు అతని నోట రావడం ఇదే మొదలు.

"వస్త. పోరి లేసినంక."

బసవయ్య చేతికొక డబ్బాతో ఎండలోనే నిలబడ్డాడు. పిల్ల ఇప్పట్లో లేచేట్టు లేదు.