స్కాన్ బాగుంటే

"రేపు స్కాన్ బాగుందంటే అమ్మని తెచ్చేసుకుందాం" అన్నారు మావారు, నేను ఇస్త్రీ చేస్తున్న చొక్కా కోసం చెయ్యి చాపుతూ. "అక్క ఏడాదిగా చేస్తోంది, పాపం."

పాపమే. అంతకుముందు అన్నేళ్లు నేను చేసినప్పుడు ఆ మాట ఎవరికీ గుర్తు రాలేదు. పక్షవాతంతో మంచాన పడ్డ అత్తగారిని ఎత్తి కూర్చోబెట్టి, ఒళ్లు తుడిచి, పక్క మార్చి, ఆ తర్వాతే ఆఫీసుకు పరుగెత్తేదాన్ని. నడుం పక్కన నొప్పిగా ఉందంటే "బరువెత్తుతావుగా, పట్టేసి ఉంటుంది" అనేవారు మావారు. మూత్రంలో రక్తం కనబడ్డాక గానీ కిడ్నీలో గడ్డ సంగతి తెలియలేదు. ఆ కిడ్నీ తీసేశారు. అత్తగారు వదినగారింటికి వెళ్లారు. పెళ్లయ్యాక మొదటిసారి నేను ఆదివారం మధ్యాహ్నాలు నిద్రపోయాను.

క్యాన్సర్ తిరగబెట్టిందేమో చూడటానికి కొన్ని నెలలకోసారి స్కాన్ తీస్తారు. ఆ తేదీ దగ్గరపడేకొద్దీ నాకు అన్నం సయించదు. దగ్గొస్తే ఊపిరితిత్తులకు పాకిందేమో అనిపిస్తుంది, వీపు నొప్పి పుడితే ఎముకల్లోకి దిగిందేమో అని. స్నానం చేస్తూ కోత చుట్టూ వేళ్లతో తడుముకుంటాను. మావారితో అంటే "లేనిపోనివి ఊహించుకోకు" అంటారు.

స్కాన్ గదిలో ఒకటే చలి. బల్ల మీద పడుకోబెట్టి, చేతులు తలపైకి పెట్టించి, నరంలోకి మందు ఎక్కించారు. గొంతు నుంచి పొత్తికడుపు దాకా వేడి పాకింది. "ఊపిరి బిగబట్టండమ్మా" అంది అద్దం వెనక నుంచి టెక్నీషియన్ అమ్మాయి. బిగబట్టాను. అప్పుడే, ఎక్కణ్నించి వచ్చిందో, ఒక ఆలోచన. చిన్న మచ్చ ఒకటి కనబడితే బాగుండు. ప్రాణం తీసేది కాదు. ఇంకొన్నాళ్లు ఈమెను కష్టపెట్టకూడదు అని వాళ్లకు అనిపించేంత.

చావంటే ఇంత భయపడే నేనే దాన్ని పిలిచానా? "వదిలేయండమ్మా, ఊపిరి వదిలేయండి" అని ఆ అమ్మాయి రెండోసారి గట్టిగా చెప్పేదాకా వినబడలేదు.

రిపోర్టు కోసం కూర్చున్నంతసేపూ ఆ కోరిక నిజమైపోతుందేమోనని వణికిపోయాను. వద్దు, ఏదో అనుకున్నాను, వద్దు. ఎవరితో చెప్పుకున్నానో తెలియదు.

డాక్టరమ్మ తెర మీద బొమ్మలు జరుపుతూ ఒకచోట ఆగింది. వెనక్కి వెళ్లి మళ్లీ చూసింది.

"ఇది పాత ఆపరేషన్ తాలూకు మచ్చే. జబ్బు ఎక్కడా కనబడలేదు. ఆరు నెలలాగి మళ్లీ చూద్దాం" అంది.

ఏడుపొచ్చేసింది. నేను కళ్లు తుడుచుకుని బయటికొచ్చేలోపే మావారు వరండాలోకి వెళ్లి ఫోన్ కలిపేశారు. "అక్కా, అంతా క్లియర్. ఆదివారం అమ్మని తీసుకొచ్చేయ్. ఇదిగో, తనతో మాట్లాడు."

"చల్లని మాట చెప్పారు" అంది వదినగారు. "మంచం ఏ గదిలో వేయిస్తావు?"

నడుం నొప్పి తగ్గలేదనొచ్చు. డాక్టరమ్మ వద్దన్నారనొచ్చు. రెండూ నాలుక చివరిదాకా వచ్చాయి.

"నాకే జబ్బూ లేదు వదినా, బాగానే ఉన్నాను" అన్నాను. "అయినా ఇక నేను చేయను. మీ తమ్ముడు చేస్తానంటే పంపండి."

ఫోన్ ఆయన చేతిలో పెట్టి, రిపోర్టు తీసుకుని మెట్ల వైపు నడిచాను.