ఇంజిన్‌కి బిరడా

క్లచ్ అక్క అసలు పేరేమిటో ఆమె దగ్గర డ్రైవింగ్ నేర్చుకున్న ఆడవాళ్లలో సగం మందికి తెలియదు. తెలుసుకునే తీరిక ఆమె ఇస్తే కదా! స్టీరింగ్ పట్టుకున్న క్షణం నుంచీ "క్లచ్చమ్మా, క్లచ్! అయ్యో, కాలు పెట్టవేం తల్లీ!" అని ఒకటే కేక. సైకిలు కూడా తొక్కనివాళ్లు, హారన్ వినబడితే కళ్లు మూసుకునేవాళ్లు, అందరూ ఆ పాత తెల్లకారులోనే రోడ్డెక్కారు. అందులో నేర్పేవాళ్ల వైపు కూడా ఒక బ్రేకూ ఒక క్లచ్చూ ఉన్నాయి. అలాంటి బండి మళ్లీ ఎక్కణ్ణుంచి వస్తుంది? ఈ కారు పోతే ఆమె బడి మూతపడ్డట్టే.

అది పోయేలాగే ఉంది మరి. కొన్నాళ్లుగా వెనకనుంచి నీలం పొగ, ముందునుంచి నూనె. తనిఖీ కేంద్రంలో ఒకసారి ఫెయిలైంది. ఇవాళ మధ్యాహ్నం ఇంకొక్క అవకాశం. ఇవాళ కూడా పొగ కనబడిందా, నంబరు ప్లేటు ఊడబీకి బండిని పాత ఇనుముకి పంపేస్తారు. ఆమె తమ్ముడు మెకానిక్కే గానీ, వాడు ఎప్పుడో చేతులెత్తేశాడు. "పిస్టన్ రింగులు అరిగిపోయాయక్కా. ఇంజిన్ విప్పడం నా వల్ల అవుతుంది. విప్పాక మళ్లీ బిగించడానికి అందులో ఏమీ మిగలదు," అన్నాడు.

ఇక ఇంటాయన, అంటే అక్క మొగుడి సంగతి. ఆయనది మందుల షాపు. శుభ్రం అంటే పిచ్చి. పిచ్చి అని ఊరికే అనడం కాదు, మంచినీళ్ల గ్లాసుకి మూత, ఉప్పు డబ్బాకి మూత, ఆ మూతకి మళ్లీ ఒక కవరు. ఆయనకి మూత పెట్టకుండా వదిలేసింది క్లచ్ అక్క నోరొక్కటే. అదీ చేతకాక.

ఆ పొద్దున తమ్ముడు వచ్చాడు. "ఆఖరిచూపుకి వచ్చానక్కా," అన్నాడు వెధవ. అక్క వాడి నెత్తిమీద ఒక్కటిచ్చి ఇంజిన్ స్టార్ట్ చేసింది. వాడు బానెట్ ఎత్తి చూశాడు. నూనె కొలిచే పుల్ల దాని గొట్టంలోంచి దానంతటదే పైకి లేచి ఉంది. వాడు బుర్ర గోక్కున్నాడు. ఇంటాయన ఇస్త్రీ చేసిన తెల్లచొక్కాలో, చేతిలో గుడ్డతో, ఎక్కడ చుక్క పడితే అక్కడ తుడుద్దామని ముందుకి వంగి నిలబడ్డాడు.

"నూనె ఎంతుందో చూడరా," అంది అక్క.

వాడు నూనె పోసే మూతని అలా కొంచెం తిప్పాడో లేదో, టప్పుమని ఎగిరి గోడకి తగిలింది. దాని వెనకే నల్లనూనె చిమ్మి, తెల్లచొక్కా మీద జేబు నుంచి బొత్తాల దాకా పడింది. ఇంటాయన నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఉండిపోయాడు. కానీ తమ్ముడు ఇంజిన్ ఆపేసి గంతులేస్తున్నాడు.

"అక్కా! రింగులు కాదే! దీనికి ఊపిరాడటం లేదు!"

"ఇంజిన్‌కి ఊపిరేమిట్రా?"

"పెట్రోలు మండినప్పుడు కొంత వేడిగాలి పిస్టన్ పక్కనుంచి కిందకి, నూనె ఉండే చోటికి జారుతుంది. ఎంత కొత్త బండికైనా అంతే, పాతదానికి ఇంకాస్త ఎక్కువ. ఆ గాలి పోవడానికి ఒక గొట్టముంటుంది. అది మూసుకుపోయిందనుకో, లోపల వత్తిడి పెరిగి, సందు దొరికిన చోటల్లా నూనెని బయటికి తోసేస్తుంది. మంట మండే చోటికి కూడా తోసేస్తుంది. ఆ పొగ అదే!"

వాడు కారు కిందకి దూరి ఆ గొట్టం చివర పట్టుకుని లాగాడు. లాగి చూసి, అక్క చేతిలో పెట్టాడు. గొట్టం మూతిలో మందుసీసా రబ్బరు బిరడా ఒకటి గట్టిగా దిగ్గొట్టి ఉంది. ఊడిపోకుండా దానిమీద దెబ్బలకి వేసే తెల్ల ప్లాస్టరు చుట్టూ చుట్టి, చివర ముచ్చటగా కత్తిరించి ఉంది.

"ఈ కట్టు ఏ ఆసుపత్రిలో కట్టారో!" అన్నాడు తమ్ముడు.

ఇద్దరూ తిరిగి చూశారు. ఇంటాయన చెవులు ఎర్రబడ్డాయి.

"అందులోంచి నూనె కారుతోంది. నేలంతా మరకలు. కారేదానికి మూత పెట్టడం కూడా తప్పేనా?" అన్నాడు.

"మూతా? కారు ముక్కు మూశారండీ మీరు! నేను పొద్దున్నే దీని పొగకి దండం పెడుతుంటే, పక్కనే నిలబడి గుడ్డతో తుడుస్తున్నారే గానీ ఒక్క ముక్క చెప్పారా? నా బడికే బిరడా కొట్టారు కదండీ!"

"నన్నే అంటావేం? అది నేలమీదకి కారేలా వేలాడదీసిందెవరో అదీ అడుగు."

ఈసారి తమ్ముడు తల దించుకున్నాడు. ఆ గొట్టం ఉండాల్సింది కారు కింద కాదు. ఇంజిన్ గాలి పీల్చుకునే దారికి తగిలించి ఉండాలి. అప్పుడెప్పుడో పొగ కొంచెం కనబడితే, ప్రస్తుతానికి కదా అని వీడే ఊడదీసి కిందకి వదిలేశాడు. మెకానిక్కుల ప్రస్తుతానికి ఎంత పొడుగుంటుందో బండ్లున్నవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు.

"ఇద్దరూ ఇద్దరే! ఒకడు ఊడదీశాడు, ఒకాయన మూసేశారు. నా ఖర్మ!" అంది అక్క. అంటూనే నవ్వేసింది. ఎందుకు నవ్వదూ? ఇంజిన్ బతికే ఉందాయె.

తమ్ముడు గొట్టాన్నీ, దాని మధ్యలో ఉండే చిన్న వాల్వునీ కిరసనాయిల్లో కడిగాడు. లోపల్నుంచి కాటుకలాంటి మడ్డి వచ్చింది. అంతా ఎక్కడిదక్కడ తగిలించి స్టార్ట్ చేశాడు. నూనె కారడం ఆగింది. పుల్ల దాని చోట అది కూర్చుంది. కానీ వెనక సన్నగా, దారంలా, నీలం పొగ వస్తూనే ఉంది.

"ఆ గాలితోపాటు నూనె తుంపర కూడా మళ్లీ ఇంజిన్‌లోకే పోతోందక్కా," అన్నాడు వాడు నీరసంగా. "మధ్యలో తుంపరని పట్టే డబ్బా ఒకటి పెడితే ఆగుతుంది. అది ఇక్కడ దొరకదు. చెప్పి తెప్పించాలి."

మధ్యాహ్నం అవుతోంది. అక్క మెట్టుమీద కూలబడింది. ఎప్పుడూ అరిచే మనిషి మెల్లగా మాట్లాడితే చూడలేం.

"పోతే పోయిందిలేరా. కారుదేముంది? కానీ రేపు పొద్దున్న లేచి నేను ఎవరిమీద అరవాలిరా?" అంది. కళ్లు తుడుచుకుంది.

ఇంటాయన విన్నాడు. గబగబా షాపువైపు వెళ్లిపోయాడు. ఆ నూనె చొక్కాతోనే, వీధిలోంచి! తిరిగొచ్చేటప్పుడు చేతిలో దూది పెట్టుకునే స్టీలు జాడీ ఉంది. మరచుట్ల మూత, లోపల రబ్బరు రింగు, చుక్క బయటికి రాదు. రెండో చేతిలో వంటింటి స్టీలు పీచు, గిన్నెలు తోముకునేది.

"తుంపర ఇందులోకి రావాలి. చల్లటి పీచు తగిలితే చుక్కలవుతుంది. చుక్క బరువు, అడుక్కి దిగుతుంది. గాలి తేలిక, పైనుంచి పోతుంది. మా ఆవిరి మందులన్నీ ఇంతే," అన్నాడు. తర్వాత గొంతు సవరించుకుని, "ఈ మూతకి రెండు బెజ్జాలు పెట్టు," అన్నాడు.

అక్కాతమ్ముళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆయన నోటివెంట, మూతకి బెజ్జం!

"బావా, నిజంగానే పెట్టమంటారా?"

"పెట్టరా బాబూ, నేను చూడలేను," అని అటు తిరిగి నిలబడ్డాడు.

డ్రిల్లు గిర్రున తిరిగింది. లోపలికొచ్చే గొట్టం పొడుగ్గా, బయటికి పోయేది పొట్టిగా పెట్టారు. పీచు ముక్కలు ఇంజిన్‌లోకి పోకుండా పొట్టిదానికి తమ్ముడు సన్నటి జల్లెడ వేశాడు. స్టార్ట్ చేశారు. లోపల మిగిలిన పాత నూనె కాసేపు మండి, ఆ తర్వాత పొగ పల్చబడి, పల్చబడి, లేకుండా పోయింది. అక్క వెనకగొట్టం దగ్గర చెయ్యి పెట్టి చూసుకుంది. అరచెయ్యి తెల్లగానే ఉంది.

తనిఖీ కేంద్రంలో అధికారి పొగ కొలిచే గొట్టం తగిలించి, ఇంజిన్‌ని గట్టిగా రేజ్ చేయించాడు. అంకె చూసి తలూపాడు. అక్కకి ప్రాణం లేచొచ్చింది. అంతలోనే ఆయన బానెట్ ఎత్తించి ఆగిపోయాడు.

"ఇదేమిటి, జాడీ? గాలి బయటికి వదిలేస్తున్నారా? వదిలితే ఒప్పుకోం."

"లేదండీ. ఇంజిన్‌లోంచి వచ్చి ఇంజిన్‌లోకే పోతుంది. చూడండి," అంది అక్క. అధికారి వేలితో ఒక గొట్టం వెంట జాడీ దాకా, రెండోదాని వెంట ఇంజిన్ దాకా వెళ్లాడు. దారి ఎక్కడా తెగలేదు.

"ఎవరు చేశారు?"

తమ్ముడు పక్కనే ఉన్నాడు. మెకానిక్కని చెబితే సరిపోయేది. ఇంటాయన కూడా అదే అనుకుని రెండడుగులు వెనక్కి వేశాడు.

"మా ఆయనండీ," అంది క్లచ్ అక్క, ఆ ఆవరణంతా వినబడేలా. "మందుల షాపు. బిరడా కొట్టి దీని ప్రాణం తీయబోయిందీ ఆయనే, నిలబెట్టిందీ ఆయనే. నా బడి నిలబెట్టారు!"

అధికారి పకపకా నవ్వి ముద్ర వేసి కాగితం ఇచ్చాడు. ఇచ్చి ఊరుకోకుండా ఇంటాయనని పట్టుకున్నాడు. "మా బండీ ఇలాగే నూనె తాగుతోందండీ. ఎలా చేశారో కాస్త చెబుతారా?"

ఇంటాయన మొదట నసిగాడు. తర్వాత జాడీ చూపించాడు. పీచు గురించి మొదలుపెట్టాడు. లైన్లో ఉన్న డ్రైవర్లు ఒక్కొక్కరే వచ్చి చుట్టూ చేరారు. ఆయన చేతులు గాల్లో గొట్టాలు గీస్తున్నాయి, గొంతు పెరుగుతోంది. ఇన్నేళ్ల కాపురంలో ఆయన ఒక్కసారిగా అన్ని మాటలు మాట్లాడటం అక్క చూడలేదు.

సాయంత్రం క్లాసుకి ఒకావిడ ఇంటి ముందు ఎదురుచూస్తుంటుంది. అక్క కారెక్కి, స్టార్ట్ చేసి, ఆయన్ని పిలుద్దామని హారన్ మీద చెయ్యి పెట్టింది. ఆయన మొహం చూసి ఆ చెయ్యి వెనక్కి తీసుకుంది. ఇంజిన్ ఆపేసి, అద్దం కిందికి దించి, కళ్లనీళ్లు తుడుచుకోకుండానే, ఆయన చెప్పేది వింటూ కూర్చుంది.