యార్మిలా విత్తిన ఆరు మొక్కలు

నా భార్య యార్మిలా పోయిన రోజు ఉదయం కూడా వంటింటి కిటికీలోని మొక్కలకు నీళ్ళు తనే పోసింది. పెరుగు డబ్బాల్లో ఆరు గంజాయి మొలకలు, అప్పుడే రెండేసి ఆకులు వేస్తున్నాయి. మధ్యాహ్నం నేను బడిలో ఉండగా తన గుండె ఆగిపోయింది. పక్కింటి బొజెనా గారు కబురు చేశారు. నేను వచ్చేసరికి నీళ్ళు పోసే చిన్న చెంబు ఇంకా కిటికీ గట్టు మీదే ఉంది.

చెక్ దేశంలో, మా మొరావియా పల్లెల్లో ఈ మొక్క ముసలివాళ్ళ కీళ్ళ నొప్పులకు మందు. ఆకులూ పువ్వులూ పంది కొవ్వులో వేసి, సన్నని సెగ మీద కాచి, గుడ్డలో వడకట్టి సీసాలకెత్తుతారు. యార్మిలా చేసిన ఆ లేపనం రాసుకోకపోతే చలికాలంలో బొజెనా గారి వేళ్ళు కోటు గుండీలు కూడా పెట్టలేవు. పూర్వం ఎవరింట్లో ఎన్ని మొక్కలున్నా పోలీసులు చూసీ చూడనట్టు పోయేవారు. ఇప్పుడు చట్టం వచ్చింది, మనిషికి మూడు. ఇద్దరం కాబట్టి యార్మిలా ఆరు విత్తింది. ఐస్‌క్రీము పుల్లల మీద మూడింటికి తన పేరులోని మొదటి అక్షరం, మూడింటికి నా పేరులోది రాసి డబ్బాల్లో గుచ్చింది. పెన్సిలుతో రాయమన్నాను.

"చెరిపి దిద్దడానికి ఇదేమన్నా మీ పిల్లల లెక్కల పుస్తకమా?" అని సిరా పెన్నుతోనే రాసింది.

అంత్యక్రియలయ్యాక నీళ్ళు పోయడం నా పని అయింది. బడికి వెళ్ళేముందు ఒకసారి, వచ్చాక ఒకసారి పోసేవాణ్ణి. ఎంత పోయాలో తెలియదు కానీ, తక్కువవుతుందేమోనని మాత్రం భయంగా ఉండేది. ఆకులు వాలితే దాహమనుకుని ఇంకాస్త పోశాను. ఒక మొలక మట్టికి ఆనుకున్నచోట నల్లబడి, దారంలా సన్నబడి పడిపోయింది. ఆ వారంలోనే ఇంకొకటి పోయింది.

బొజెనా గారు పుట్టగొడుగుల చారు తెచ్చారు. గిన్నె బల్ల మీద పెట్టి కిటికీ దగ్గరకు వెళ్ళి, ఒక డబ్బా పైకెత్తారు. అడుగునుంచి నీళ్ళు కారి ఆవిడ చెప్పుల మీద పడ్డాయి.

"మాస్టారూ, మీరు పెంచేది మొక్కల్నా, చేప పిల్లల్నా?"

దాహంగా ఉన్నాయనుకున్నానని చెప్పాను.

"బడి గంట కొట్టినట్టు రెండుపూటలా పోస్తుంటే వాటికి దాహం వేసే తీరికెక్కడిదీ?"

తర్వాత ఆవిడ కూర్చుని నెమ్మదిగా చెప్పారు. డబ్బాను చేత్తో ఎత్తి చూడాలి. తేలిగ్గా ఉంటేనే పోయాలి. అదీ కాండం మొదట్లో కాదు, అంచు వెంట. కుళాయి నీళ్ళు చల్లగా ఉంటాయి కాబట్టి ముందురోజే పట్టి ఉంచుకోవాలి. యార్మిలా రోజూ పొద్దున ఒక్కో డబ్బా ఎత్తి పెడుతుంటే నేను చూసేవాణ్ణి. గట్టు తుడవడానికనుకునేవాణ్ణి.

ఆవిడ చెప్పినట్టే చేశాను. మట్టి ఆరింది. మిగిలిన నాలుగూ తలెత్తి, అంచులకు పళ్ళున్న ఆకులు వేశాయి. మేలో ఆఖరి మంచు పడే రోజులు, మంచు సాధువులని పిలిచే ముగ్గురి పండగ రోజులు, దాటనిదే మావైపు ఎవరూ లేత మొక్కను బయట పెట్టరు. అవి దాటాక నాలుగింటినీ కుండీల్లోకి మార్చి దక్షిణపు గోడకు చేర్చే పని పెట్టుకున్నాను. లెక్క అప్పుడు గుర్తొచ్చింది. ఇంట్లో ఇప్పుడు ఒక్కణ్ణే. యార్మిలాతో పాటే చట్టంలో తన వాటా కూడా పోయింది. ఎవరూ వచ్చి లెక్కపెట్టరని తెలుసు. అయినా నాలుగు ఉండకూడదు.

పీకేయడం నా వల్ల కాదని బొజెనా గారికి తెలుసు.

"ఒకటి నాకివ్వండి. నా పేరు మీద ఒక్కటీ లేదుగా," అన్నారు. మేనల్లుడి చేత తమ పెరట్లో, కంచె పక్కనే గుంట కూడా తవ్వించారు.

సరేనన్నాను. నా అక్షరం ఉన్నదొకటి ఇచ్చి, యార్మిలావి అట్టే పెట్టుకుందామనుకున్నాను. పుల్లలు బయటకు తీసి చూశాను. నేను పోసిన నీళ్ళకు సిరా కరిగిపోయింది. నాలుగు పుల్లల మీదా ఒకేలాంటి నీలం మరక ఉంది, అక్షరం లేదు. పోయిన రెండూ ఎవరివో కూడా తెలియదు.

బొజెనా గారు కంచె అవతల చేతులు చాచి నిలబడి ఉన్నారు.

"ఏదైతేనేం మాస్టారూ, అన్నీ ఒక్కటేగా."

"నాది ఇద్దామనుకున్నాను. ఏది నాదో తెలియడం లేదు."

ఆవిడ పుల్లల వైపు చూశారు. చేతులు ఏప్రన్‌కు తుడుచుకున్నారు.

"నా వేళ్ళకు చలికాలం దాకా తొందరేం లేదులెండి," అని లోపలికి వెళ్ళిపోయారు.

ఇప్పుడు నాలుగు కుండీలూ గోడ పక్కనే ఉన్నాయి. రోజూ పొద్దున ఒక్కొక్కటి ఎత్తి చూసి, తేలిగ్గా ఉన్నవాటికే పోస్తున్నాను. అవతల బొజెనా గారు తవ్వించిన గుంట ఖాళీగానే ఉంది. నాలుగో మొక్క ఇంకా ఇవ్వలేదు.