గుండం తొక్కిన కాళ్ళు

ఆ ఉదయం పడవవాళ్ళ వీధిలో ప్రతి ఇంటి ముందూ కళ్ళాపి చల్లి ముగ్గులు పెట్టారు. ముందురోజు వీరభద్రుడి సంబరంలో మగవాళ్ళంతా నిప్పుల గుండం తొక్కారు, ఒక్కరి కాలూ కందలేదని ఊరంతా చెప్పుకుంటోంది. చెప్పుకోదూ మరి? కందిందని ఒప్పుకునే మొనగాడు ఆ వీధిలో ఇంకా పుట్టలేదు.

ధవళేశ్వరంలో ఆనకట్ట లేచిన కొత్త రోజులవి. రాజోలు దగ్గర గోదావరి పాయ గట్టునున్న ఆ వీధికి నూకయ్య పెద్ద. గుండంలో ముందు నడిచే హక్కు అతని వంశానిది. మనసులో మైల ఉన్నవాడికే కాలు కాలుతుందని అతను చెప్పేవాడు, వీధి తలూపేది. సంబరమైన కొద్దిరోజులకే మగవాళ్ళు కొబ్బరికాయల పడవలెక్కి యానాం వైపు వెళ్ళిపోయేవారు, నెల దాటితేగాని తిరిగొచ్చేవారు కాదు. ఎందుకని ఎవరూ అడగలేదు. నూకయ్య పెద్దకొడుకు ఒక ఏడు అలాగే వెళ్ళి తిరిగిరాలేదు. చలిజ్వరమని చెప్పుకున్నారు.

చిన్నకోడలు చిన్నతల్లికి ఇది అత్తవారింట మొదటి సంబరం. మొగుడు సూరన్న గుండం దాటి నవ్వుతూనే ఇంటికొచ్చి, గుమ్మం లోపల కూలబడ్డాడు. రెండు అరికాళ్ళూ బొబ్బలెక్కాయి. కుడికాలి తోలు ఊడి వేలాడుతోంది. ఆమె నీళ్ళకుండ అందుకోబోతే నూకయ్య చేతికర్ర అడ్డం పెట్టాడు.

"నీళ్ళు తగలనీకు. గుండం బూడిద అద్ది తలుపెయ్యి. ఈ మాట గడప దాటకూడదు."

"కాలింది కదండీ మావయ్యా."

"కాలలేదు."

కళ్ళెదుట కాలిన కాలు పెట్టుకుని కాలలేదనడం ఎంత గొప్ప విద్యో చూడండి. అందరికీ అబ్బదు.

చిన్నతల్లి పుట్టిల్లు ఆనకట్ట పక్కన సున్నపు బట్టీల దగ్గర. అక్కడ కూలీల ఒళ్ళు కాలితే సర్కారు వైద్యుడు ముందు చల్లనీళ్ళు పోయించేవాడు. తరవాత సున్నపు తేటలో నూనె కలిపి, వెన్నలా తెల్లబడేదాకా చిలికి పూసి, ఉతికిన గుడ్డ కట్టేవాడు. ఆమె తండ్రి చెయ్యి అలాగే మానింది. తాంబూలానికి సున్నం లేని కొంప గాని, కొబ్బరినూనె లేని కొంప గాని ఈ సీమలో ఉందా? మందు ప్రతి వంటింట్లోనూ ఉంది. వాడే దమ్మే లేదు.

మూడోనాటికి బూడిద కింద చీము పట్టింది. సూరన్నకి జ్వరం పేలిపోతోంది, పిలిస్తే పలకడం లేదు. నూకయ్య మాత్రం అరుగు మీద బాసింపట్టు వేసుకుని, పంచె అంచు పాదాల మీదకి లాక్కుని కూర్చున్నాడు.

"సాయంత్రం పడవెక్కించేస్తాం. గాలి మారితే అదే తగ్గుతుంది," అన్నాడు.

పడవెక్కితే తిరిగొచ్చేది మొగుడు కాదు, కబురేనని చిన్నతల్లికి అర్థమైంది. ఇక మావగారిని ఏమీ అడగలేదు. సూరన్నని పడుకున్న చాపతో సహా అరుగు మీదకి లాగింది. కాచి చల్లార్చిన నీళ్ళతో, నలుగురూ చూస్తుండగా, ఆ బూడిదంతా కడగడం మొదలుపెట్టింది.

"లోపలికి లాగు. వీధంతా చూస్తోంది," అని నూకయ్య కేకలేశాడు.

"చూడనివ్వండి."

"వంశం పరువు తీసేసేవు కదే."

"మీ పరువుకి చీము పట్టిందండి. కడుగుతున్నాను."

అంత గొంతు చించుకున్నవాడు లేచి ఒక్క అడుగు వెయ్యలేదు.

అప్పుడు ఎదురింటి కాంతం గిన్నెడు కొబ్బరినూనెతో గుమ్మం దిగింది. తన మొగుడి కాళ్ళు తామరరేకుల్లా ఉన్నాయని నిన్ననే వీధంతా చాటిన ఇల్లాలు ఈవిడే. గిన్నె కింద పెట్టి, గొంతు తగ్గించి, "పిల్లా, మా ఆయనక్కూడా కాస్త మిగుల్చు," అంది. ఆవిడ వెనకే పక్కింటావిడ సున్నపు తేట తెచ్చింది. ఆ తరవాత మూసిన తలుపులు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. తామరరేకులన్నీ కుంటుకుంటూ బయటికొచ్చాయి.

చివరికి అత్తగారు వీరమ్మ లేత అరటాకు తెచ్చి కోడలి పక్కన చతికిలబడింది.

"ఇంకొంచెం చిలుకమ్మా. మీ మావక్కూడా కావాలి," అని నూకయ్య పంచె అంచు ఎత్తింది. కింద ఈ ఏటి బొబ్బలు, వాటి కింద ఎన్నో ఏళ్ళ మచ్చలు. "పెళ్ళైన కాణ్ణించీ ఈ కాళ్ళకి బూడిద నేనే అద్దేను. నా పెద్దకొడుక్కీ నేనే అద్ది పడవెక్కించేను. వాడు చలిజ్వరంతో పోలేదే. కాలు కుళ్ళి పోయేడు."

నూకయ్య పంచె అంచు మళ్ళీ కిందికి లాక్కోలేదు. ఆ సాయంత్రం పడవలు కదల్లేదు.

సూరన్న బతికాడు. కుడికాలి రెండు వేళ్ళు మాత్రం పోయాయి. మరుసటి ఏడు సంబరానికి పెద్దలు మళ్ళీ గుండం మాట ఎత్తినప్పుడు, వీరమ్మ వాళ్ళ మధ్యకి వచ్చి నిలబడింది.

"నిప్పుకి మడీ తెలీదు, మైలా తెలీదు. కాల్చడం దాని గుణం. తొక్కేవాళ్ళు తొక్కండి. కానీ కాలినవాడు కాలిందని చెప్పాలి, ఇంట్లోవాళ్ళు నీళ్ళు పొయ్యాలి, మందు రాయాలి. నా బిడ్డని చంపింది గుండం కాదు, మనం మూసిన తలుపు."